బోర్డర్‌లో బీపీ

‘‘కొంచెం ఉందండీ, బోర్డర్‌లో. ఉప్పు తగ్గించండి, కాస్త నడవండి. మూడు నెలలాగి చూద్దాం.’’

నలభై అయిదేళ్ల మనిషికి ఈ మాట చెప్పి డాక్టరు తర్వాతి టోకెన్‌ని పిలుస్తారు. చీటీ మీద 142/90 అని ఉంటుంది. మందు రాయలేదు కాబట్టి జబ్బు లేనట్టేనని ఆ చీటీని బీరువాలో పాత కరెంటు బిల్లుల మధ్య పడేసేవాళ్లు ఒక రకం. ఆ సాయంత్రమే మిషన్ కొనుక్కొచ్చి, అర్ధరాత్రి దాకా గంటకోసారి చేతికి పట్టీ చుట్టుకుని, వచ్చిన అంకె చూసి మరింత దడ పెంచుకునేవాళ్లు ఇంకో రకం. మనలో మొదటి రకం వాళ్లే ఎక్కువ. మూడు నెలలాగి చూద్దామన్నది మూడేళ్లయినా చూడరు.

130కీ 150కీ మధ్య ఊగే బీపీకి ఇంత నిర్లక్ష్యమూ తగదు, అంత హడావుడీ అక్కర్లేదు. రక్తనాళాలు గట్టిపడక ముందు, కిడ్నీలు అలసిపోక ముందు, గుండె గోడలు మందమెక్కక ముందు మన మాట వినే దశ ఇదే. 170 దాటాక వంటింట్లో చేసే మార్పులు ఒక్కటే సరిపోవు. ఇప్పుడైతే చాలామందికి సరిపోతాయి, సరిపోని వాళ్లకు ఒక చిన్న బిళ్ల తోడైతే చాలు.

ఎంతుంటే ఎక్కువ?

ఈ ప్రశ్నకు దేశానికో జవాబు ఉంది. అమెరికా గుండె వైద్యుల సంఘాలు 2017లో 130/80 దాటితే బీపీ ఉన్నట్టేనన్నాయి. ఐరోపా వాళ్లు 140/90 దగ్గరే గీత ఉంచారు, మన దగ్గరా ఎక్కువమంది డాక్టర్లు పాటించేది దాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో 140/90 నుంచి మందులు మొదలెట్టమంది. సుగరో, కిడ్నీ జబ్బో, ఇంతకు ముందే గుండె జబ్బో ఉన్నవాళ్లకైతే పై అంకె 130 చేరినప్పుడే ఆలోచించమంది.

గీత ఎక్కడ గీసినా శరీరానికి ఆ గీతతో పనిలేదు. పది లక్షల మంది వివరాలను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. నలభై నుంచి డెబ్బై ఏళ్ల లోపు వాళ్లలో 115/75 నుంచి మొదలుపెట్టి, పై అంకె 20 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతోనో గుండె జబ్బుతోనో చనిపోయే ముప్పు రెండింతలవుతోందని అందులో తేలింది. అంటే 135 ఉన్న మనిషికి, 115 ఉన్న మనిషికన్నా ముప్పు ఇప్పటికే రెట్టింపు. ఒంట్లో ఏ బాధా ఉండదు, తల తిరగదు, కళ్లు బైర్లు కమ్మవు. ‘నాకేం తెలియట్లేదు కదా’ అనే ధీమాకు అర్థం లేనిది అందుకే.

దేశవ్యాప్తంగా ఐసీఎంఆర్ చేయించిన సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అని ఇంకా అనుకునేవాళ్లుంటే గోదావరి జిల్లాల పల్లెల సంగతి వినాలి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003-04 ప్రాంతంలో ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణమేమిటో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు. 1,354 మరణాలు లెక్కకొచ్చాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటు రోగాలు వాటి తర్వాతే నిలిచాయి. వరి చేలల్లో ఒళ్లు వంచి పని చేసే ఊళ్ల లెక్క ఇది, అదీ ఇరవయ్యేళ్ల కిందటిది.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు వచ్చే సగటు వయసు 53గా తేలింది. మిగతా దేశాల వాళ్లకు అది 59. పిల్ల పెళ్లి, పిల్లాడి చదువు, ఇంటి లోను అన్నీ ఇంకా నెత్తిమీదే ఉండే వయసది.

వయసుతో మామూలే అనుకున్న రోజులు

వయసు పెరిగితే బీపీ పెరగడం సహజం, దాన్ని కదిలించకూడదు అని వైద్యులే నమ్మిన కాలం ఒకటుంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ బీపీ 1941లోనే 188/105. ఈ వయసు మనిషికి ఇది మామూలేనని ఆయన సొంత వైద్యుడు తేల్చేశాడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన కూలిపోయేటప్పటికి అది 300/190. వయసు 63. ఆ వైద్యుణ్ని ఆడిపోసుకుని లాభం లేదు. తెలిసినా చేయగలిగింది పెద్దగా ఏమీ లేదప్పుడు, బీపీని లొంగదీసే మంచి మందు ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఆ మందుల కథలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. బొంబాయిలో గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తరాలుగా మన వైద్యంలో వాడుతున్న సర్పగంధ వేరును బీపీ రోగులకు ఇచ్చి చూసి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. ఆ వేరు నుంచే తర్వాత రిసర్పిన్ అనే మందు వచ్చింది. దానివల్ల కొందరిలో మనసు కుంగిపోవడంలాంటి ఇబ్బందులుండటంతో, అంతకన్నా మంచివి వచ్చాక అది వెనక్కి జరిగింది. ‘నాటు వేరు కదా, ఏం చేస్తుంది’ అంటూ ఇప్పటికీ సర్పగంధ పొడి కొనుక్కుని వాడేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పనిచేసే వేరైతే పక్క ఫలితాలూ ఉంటాయి.

ముందు అంకె నిజమో కాదో చూసుకోండి

బీపీ చూసే తీరు మన దగ్గర ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మెట్లెక్కి వచ్చిన మనిషిని అప్పటికప్పుడు స్టూలు మీద కూర్చోబెడతారు. వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. చొక్కా చేతిని మడిచి, ఆ మడత మీదే పట్టీ చుడతారు. చెయ్యి ఒళ్లోనో పక్కకో వేలాడుతుంటుంది. ‘‘ఏం బాబాయ్, అబ్బాయికి ఉద్యోగమొచ్చిందా?’’ అని నర్సమ్మ అడుగుతుంది, బాబాయ్ కథంతా చెబుతుంటాడు. ఈలోగా మిషన్ 148 చూపిస్తుంది. ఆ 148లో మెట్లెన్ని, మాటలెన్ని, వేలాడిన చెయ్యెంత?

ఇది సరదాకి అంటున్న మాట కాదు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో లెక్కగట్టి చూపించారు. చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ చూపించింది. లావు చేతికి మామూలు పట్టీ చుడితే ఇంకా ఘోరం. బాగా పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకు మామూలుది వాడితే తేడా 20 దాకా వచ్చింది. ఏ జబ్బూ లేనివాణ్ని జీవితకాలపు రోగిని చేయడానికి ఆ 20 చాలు.

కాబట్టి బోర్డర్‌లో ఉందన్నప్పుడు మొదట చేయాల్సింది ఇంట్లో చూసుకోవడం. జబ్బ మీద చుట్టే మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. వాచీలు చూపించే అంకెను నమ్మి మందు మార్చుకోవద్దు. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, బిళ్ల వేసుకునేవాళ్లయితే దానికీ ముందు, కుర్చీలో వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, పాదాలు నేలమీద ఉంచి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీవీ కట్టేయండి. ఒట్టి జబ్బకు పట్టీ చుట్టి, చెయ్యి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూడండి. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. రాత్రి భోజనానికి ముందు ఇలాగే రెండుసార్లు. వారం పాటు రాసి, మొదటి రోజువి కొట్టేసి, మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే అది బీపీయే. ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే ఆయన పని సగం తేలికవుతుంది. రాత్రి పన్నెండింటికి లేచి చూసిన అంకెలు మాత్రం ఎవరికీ పనికిరావు.

కొందరికి బీపీ ఆసుపత్రిలో పులి, ఇంట్లో పిల్లి. తెల్లకోటు చూడగానే పెరిగి, ఇంటికొస్తే దిగిపోతుంది. వాళ్లకు వెంటనే మందు అక్కర్లేదు, ఏడాదికోసారైనా చూసుకుంటూ ఉంటే చాలు. అసలు ప్రమాదం తిరగబడ్డ రకంతో. ఆసుపత్రిలో 128 చూపించి, ఇంట్లోనో ఆఫీసులోనో 145 ఉండేవాళ్లుంటారు. డాక్టరు ‘బాగుంది’ అని పంపేస్తారు, లోపల జరగాల్సిన నష్టం జరిగిపోతూనే ఉంటుంది. సిగరెట్లు తాగేవాళ్లలో, ఒత్తిడి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో, సుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

‘మేం ఉప్పు తక్కువే తింటామండీ’ అనని ఇల్లు లేదు. దీన్ని తేల్చుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. కొత్త కిలో ప్యాకెట్ విప్పిన రోజున దానిమీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో అది సరిగ్గా నెలకు అయిపోయిందంటే మనిషికి రోజుకు 8 గ్రాముల పైనే పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఆ లెక్కన అదే ప్యాకెట్ యాభై రోజులు రావాలి. వేసవిలో ఊరగాయలకు విడిగా కొన్న కల్లుప్పు, బయట తిన్న మిర్చి బజ్జీ, బేకరీ పఫ్, బిర్యానీ ఈ లెక్కలోకి రాలేదు.

ఈ లెక్క ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొందరి 24 గంటల మూత్రాన్ని పట్టి పరీక్షిస్తే మనిషికి రోజుకు దాదాపు 9.5 గ్రాముల ఉప్పు తేలింది. అదే సర్వేలో ఢిల్లీ, హర్యానా వాళ్లది 8.6. మనం వాళ్లకన్నా దాదాపు ఒక గ్రాము పైన ఉన్నాం. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ప్యాకెట్ తిండి నుంచి వస్తుంది, మనకైతే ఎక్కువ భాగం ఇంటి పొయ్యి మీదే పడుతోంది. దీన్లో ఒక మంచి కూడా ఉంది. తగ్గించే అధికారం ఏ కంపెనీ చేతుల్లోనో లేదు, గరిటె పట్టిన చేతిలోనే ఉంది.

మన భోజనం ఒకసారి చూడండి. పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, చారులో ఉప్పు, రోటి పచ్చడిలో ఉప్పు. పక్కన అప్పడం, వడియం. చివర పెరుగన్నంలోకి ఆవకాయ బద్ద, ఊరమిరపకాయ. ఆ పైన ఉప్పేసిన మజ్జిగ. అన్నం వండేటప్పుడు ఉప్పు వెయ్యం నిజమే, కానీ ఆ చప్పటి అన్నం ఒక్కో ముద్దకూ ఒక్కో ఉప్పటి తోడును అడుగుతుంది. ఎంత అన్నమో అంత ఉప్పు. రెండో విడత అన్నం తగ్గితే బరువుతో పాటు ఉప్పూ దానంతటదే తగ్గుతుంది. డాక్టర్లు ‘ఉప్పు తగ్గించండి’ అనే బదులు ఈ మాట చెబితే ఎక్కువమందికి అర్థమవుతుందని నా నమ్మకం.

ఆవకాయ మానేయమని ఈ కథనం చెప్పదు. చెప్పినా వినేవాళ్లెవరు? కానీ ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్లలో కలిపి పెట్టిన పదార్థం అదని గుర్తుంచుకోవాలి. ఏడాది పాటు చెడకుండా నిలబెట్టేది ఆ ఉప్పే. అందుకని ఆవకాయ వేసుకున్న పూట అప్పడం, ఊరమిరపకాయ వద్దు. మజ్జిగలో ఉప్పు ఎప్పుడూ వద్దు, కరివేపాకు, అల్లం, నిమ్మచెక్క చాలు. కూరల్లో ఉప్పును ఒక్కసారిగా సగం చేస్తే ఇంట్లో గొడవలవుతాయి. వారానికి కొంచెం కొంచెంగా దించండి. నాలుగైదు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది, అప్పుడు పెళ్లి భోజనం ఉప్పు కషాయంలా అనిపిస్తుంది. చింతపండు, నిమ్మ, మామిడి పులుపు మన వంటలో ఉండనే ఉంది. పులుపు సరిగ్గా పడితే ఉప్పు లోటు అంతగా తెలియదు.

సైంధవ లవణమైనా, గులాబీ రంగు రాళ్లుప్పైనా బీపీ సంగతిలో మామూలు ఉప్పే. ధర మాత్రమే తేడా. నిజంగా తేడా చూపించింది పొటాషియం కలిపిన ఉప్పు. చైనాలోని 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టన్, రామిప్రిల్‌లాంటి మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది.

కిడ్నీలు బాగున్నవాళ్లు పొటాషియాన్ని తిండి నుంచే తెచ్చుకోవచ్చు. తోటకూర, బచ్చలి, పప్పులు, అరటిపండు, కొబ్బరినీళ్లు. పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలు పెంచి, కొవ్వు తగ్గించిన డాష్ ఆహారాన్ని అమెరికాలో 1997లో పరీక్షించినప్పుడు, ఉప్పు తగ్గించకుండానే, బరువు తగ్గకుండానే, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె 11 దాకా దిగింది. ఒక బిళ్ల చేసే పని అది.

మిగతావి

బరువు కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే మన జాతికి ఎక్కువే. నడక సంగతి అందరికీ తెలుసు, కాబట్టి ఒక్క మాటే: కబుర్లు చెబుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ జోరుతో రోజుకు అరగంట. మందు తాగడం తగ్గిస్తే బీపీ కచ్చితంగా దిగుతుంది, ‘రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిది’ అనేది తాగేవాళ్లకు నచ్చిన మాటే తప్ప నిలబడిన మాట కాదు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతోందని భార్యో భర్తో చెబితే దాన్ని నవ్వులాటగా తీసుకోకండి. మందులకు లొంగని బీపీకి అదొక ముఖ్య కారణం.

చాలామంది గమనించనిది ఇంకొకటుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు, అతిమధురం ఎక్కువగా ఉన్న కషాయాలు కూడా అంతే. కడుపు ఉబ్బరానికి నీళ్లలో కలుపుకుని తాగే గ్యాస్ పొడుల్లో ఉండేది సోడియమే. ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి. ఆయన అడగరు, మనం చెప్పం, బీపీ మాత్రం దిగదు.

ఆడవాళ్ల బీపీని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు, వాళ్లూ తీసుకోరు. నెలసరి ఆగిన తర్వాత అది పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిందని మరిచిపోయిన తల్లులకు నడివయసులో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. పాతికేళ్ల కిందటి ఆ కాన్పు సంగతి ఈ రోజు డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

బిళ్లంటే భయమెందుకు?

‘మొదలెడితే జీవితాంతం వేసుకోవాలట’ అని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. కళ్లజోడూ అంతే కదా, దాన్ని ఎవరూ వాయిదా వెయ్యరు. మూడు నుంచి ఆరు నెలలు తిండి, నడక సరిచేసుకున్నా ఇంటి సగటు 135/85 పైనే ఉంటే, లేదా మొదటి నుంచే సుగర్, కిడ్నీ సమస్యలుంటే, బిళ్ల మొదలెట్టడమే తెలివైన పని. 123 అధ్యయనాలు, ఆరు లక్షల మందికి పైగా రోగుల వివరాలు కలిపి 2016లో తీసిన లెక్క ప్రకారం పై అంకె 10 దిగితే పక్షవాతం ముప్పు 27 శాతం, మరణం ముప్పు 13 శాతం తగ్గుతాయి. ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి కాళ్ల మడమల దగ్గర వాపు వస్తుంది, రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు. అవి కనిపిస్తే మందు మార్పించుకోవాలి, మానేయకూడదు. బీపీ నార్మల్‌కు వచ్చిందని మానేయడం ఇంకా పొరపాటు. వచ్చింది ఆ బిళ్ల వల్లే. బరువు బాగా తగ్గి అంకెలు కిందికి జారుతుంటే డోసు తగ్గించే నిర్ణయం డాక్టరుది.

బిళ్ల మొదలెట్టేటప్పుడు బీపీ ఒక్కటే చూడటం సగం పని. సుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, ఒక ఈసీజీ చూసి, పొగాకు అలవాటును లెక్కలో వేసుకుంటేనే గుండెకు ఉన్న ముప్పు తెలుస్తుంది. 138/88 ఉండి రోజూ పది సిగరెట్లు తాగే మనిషి ముందు మానాల్సింది ఉప్పు కాదు. ముందుజాగ్రత్త అంటూ సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవద్దు. గుండె జబ్బు లేనివాళ్లలో దానివల్ల రక్తస్రావం ముప్పే ఎక్కువ కావచ్చు.

180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం లాంటివి ఉంటే ఇంకో బిళ్ల కోసం వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి.

2017 చివర్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమానికి ఎంచుకున్న తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముప్పై దాటిన ఎవరికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, సుగర్ ఉచితంగా చూస్తారు, ఉందని తేలితే బిళ్లలూ ఉచితంగానే ఇస్తారు. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు చూస్తారో చెబుతుంది. కిందటిసారి ఎప్పుడు చూపించుకున్నారో గుర్తు రాకపోతే ఈ వారమే వెళ్లండి, ఇంట్లో ఆవిణ్నీ తీసుకెళ్లండి.